జాలారు కాడ మెట్టతామర

జనగామ దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక ఇల్లు. ఇంటి వెనుక జాలారు ఉంది. స్నానాలు అక్కడే. బోళ్లు తోముడు అక్కడే. బట్టలు పిండుడు కూడా అక్కడే. వాడిన నీళ్లు ఎటు పోవాలి? ఎటూ పోవు. గోడ పక్కనే మడుగు కడతాయి. మడుగు నిండా నాచు. సాయంత్రం అయితే దోమలు.

పక్కింట్లో పెద్దమ్మ ఉంది. ఆమె ఇంటి వెనుక కూడా జాలారు ఉంది. కానీ మడుగు లేదు. మడుగు ఉండవలసిన చోట పచ్చటి గుబురు ఉంది. ఆకులు అరటి ఆకుల లాగ వెడల్పు. గుబురు మీద ఎర్రటి పూలు. దూరం నుంచి చూస్తే ఏ బంగళా ముందరి తోటో అనిపిస్తుంది.

ఒకనాడు కోడలు పిల్ల గోడ మీది నుంచి అడిగింది.

"పెద్దమ్మా, ఏం పువ్వు అది? పట్నం నుంచి తెచ్చినవా?"

"పట్నం లేదు, పాడు లేదు. నా బిడ్డ అత్తగారింటి కాడ ఉంటే ఒక గడ్డ తెచ్చి పెట్టిన. ఒక్క పైస పెట్టలే. జాలారు నీళ్లే దానికి నీళ్లు, జాలారు నీళ్లే దానికి బలం."

"నాకు ఒక గడ్డ ఇయ్యి పెద్దమ్మా."

"ఇస్త బిడ్డా. నీకు ఇయ్యక ఎవరికి ఇస్త? గని ముందుగాల నీ మడుగు సంగతి చూడు."

ఆ మొక్క పేరు మెట్టతామర. తామర చెరువులో పూస్తుంది. ఇది మెట్ట మీద పూస్తుంది. అందుకే ఆ పేరు. నర్సరీ వాళ్లు దీన్ని కన్నా అంటారు. మీరు దీన్ని చూసే ఉంటారు. బస్టాండు దగ్గర, రైల్వే స్టేషను దగ్గర, ఆఫీసుల ముందర వరుసగా పెడతారు. చూసి ఉంటారు గానీ, ఇది మన ఇంటి మొక్క అని అనుకొని ఉండరు.

నిజానికి ఇది మన దేశపు మొక్క కాదు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా, మధ్య అమెరికా, అక్కడి దీవులు. మిరపకాయ కూడా ఆ వైపు నుంచే వచ్చింది. మిరపకాయ లేని మానుకోట మనకు ఇప్పుడు ఊహకు కూడా రాదు. అట్లాగే మెట్టతామర కూడా వచ్చి మన నేలలో కలిసిపోయింది. 1800ల మధ్యలో ఫ్రాన్సు దేశంలో తోటమాలులు దీనికి కొత్త రంగులు తెప్పించారు. ఇప్పుడు ఎరుపు, పసుపు, నారింజ, గులాబి రంగుల్లో దొరుకుతుంది. పసుపు మీద ఎర్ర చుక్కలు ఉన్నవి కూడా ఉన్నాయి. కొన్నిటికి ఆకులే ముదురు ఎరుపుగా ఉంటాయి. పూలు లేని రోజుల్లో కూడా అవి కంటికి నిండుగా కనబడతాయి.

ఒక తమాషా చెప్పాలి. మనం పూరేకులు అనుకునేవి నిజానికి పూరేకులు కావు. అవి పుప్పొడి తీగలు. వెడల్పుగా మారి రేకుల వేషం వేసుకున్నాయి. అసలు రేకులు కింద సన్నగా, చిన్నగా ఉంటాయి. ఒక పువ్వు కోసి విప్పి చూడండి.

మన ఇంట్లో పసుపు, అల్లం ఉన్నాయి కదా. అరటి చెట్టు ఉంది కదా. మెట్టతామర వాటికి చుట్టమే. అందుకే ఆకు అరటి ఆకును పోలి ఉంటుంది. గడ్డ పసుపు కొమ్మును పోలి ఉంటుంది. పసుపు వేసిన చెయ్యికి మెట్టతామర వేయడం ఎవరూ నేర్పనక్కర లేదు.

ముందు మడుగు సంగతి

పెద్దమ్మ మాట నిజం. మొక్క కన్నా ముందు మడుగు.

ఒక లెక్క వేద్దాం. ఇంట్లో ఐదుగురు. ఒక్కొక్కరు రెండు బకెట్ల నీళ్లు పోసుకుంటారు. మొత్తం 10 బకెట్లు. బకెట్‌కు 15 లీటర్లు అనుకుంటే 150 లీటర్లు. బోళ్లు, బట్టల నీళ్లు వేరే. ఇన్ని నీళ్లు రోజూ ఒకే చోట పడితే నేల ఎంతని తాగుతుంది?

నిలిచిన మురికి నీటిలో క్యూలెక్స్ అనే దోమ గుడ్లు పెడుతుంది. బోదకాలు జబ్బును మోసుకొచ్చేది ఈ దోమే. బోదకాలు వస్తే కాలు లావెక్కుతుంది. ముదిరిన వాపు మళ్లీ పూర్తిగా తగ్గదు. గోలెంలో, డ్రమ్ములో ఉన్న మంచి నీళ్లలో పెరిగే దోమ వేరు. దాని వల్ల డెంగీ వస్తుంది. భూపాలపల్లి వైపు అడవి ఊళ్లలో మలేరియా దోమ కూడా ఉంటుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికి ఒక రోజు గోలెం వంచి, రుద్ది, ఎండబెట్టమని ఆశా కార్యకర్తలు చెబుతారు. గోలేన్ని వంచవచ్చు. మడుగును ఎట్లా వంచుతాం? మడుగు కట్టకుండానే చూసుకోవాలి.

కొన్ని ఇళ్లలో ఇంకుడు గుంతలు ఉన్నాయి. ఉపాధి హామీ పనుల్లో ఊరూరా తవ్వించారు. ఇంకుడు గుంత ఉంటే చాలా మంచిది. దాని పక్కనే మెట్టతామర పెట్టవచ్చు. గుంత లేకపోతే మొక్కల మడి చేసుకోవచ్చు. దానికి గడ్డపార, పార, తట్ట ఉంటే చాలు. ఇద్దరు మనుషులు ఒక పూట పని చేయాలి.

జాలారు నుంచి మూరెడు వెడల్పు, జానెడు లోతు కాలువ తీయండి. కాలువ పల్లం వైపు ఉండాలి. ఇంటి గోడ వైపు ఉండకూడదు. గోడ పునాది నాని పోతుంది. కాలువ చివర మడి తవ్వండి. ఆరు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు, రెండు అడుగుల లోతు ఉంటే మంచిది. అడుగున గులకరాళ్లు, ఇటుక ముక్కలు వేయండి. దాని మీద ఇసుక కలిపిన మట్టి పోయండి. మట్టిలో రెండు తట్టల మాగిన పెంట కలపండి. పచ్చి పెంట వద్దు. వేర్లు మాడిపోతాయి, చెదలు కూడా పడతాయి.

జాలారు దగ్గర కాలువ మొదట్లో చిల్లులున్న పాత బుట్ట పెట్టండి. అన్నం మెతుకులు, వెంట్రుకలు, బూడిద బుట్టలో ఆగిపోతాయి. రెండు రోజులకు ఒకసారి బుట్ట దులపండి. ఈ పని విడిచిపెడితే మడి పూడుకు పోతుంది. మడి పాడైన ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే.

తాగే నీళ్ల బావికి, బోరుకు ఈ మడి 50 అడుగుల దూరంలో ఉండాలి. మరుగుదొడ్డి నీళ్లు ఈ మడికి అసలు పంపవద్దు. పత్తి చేలో మందు కొట్టి వచ్చిన బట్టలు ఉతికిన నీళ్లు, పంపు కడిగిన నీళ్లు కూడా వద్దు. బ్లీచింగు పొడి నీళ్లు వద్దు. సబ్బు నీళ్లు మామూలుగా పోతే మొక్కకు ఏమీ కాదు.

మురుగును తాగే గుణం మెట్టతామరకు ఉందని శాస్త్రవేత్తలు కూడా చూశారు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే పెద్ద వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. వాళ్లు రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ఊరి మురుగు నీటిని మొక్కల మడి గుండా పారించి చూశారు. ఆ మడిలో పెట్టిన మొక్కల్లో మెట్టతామర ఒకటి. వేర్లు నీటిలోని మురికిని పట్టుకుంటాయి. అది మొక్కకు బలం అవుతుంది. బయటకు వచ్చిన నీళ్లు పంటకు పనికి వస్తాయి. తాగడానికి మాత్రం పనికి రావు.

గడ్డ నాటడం

నాటడానికి మంచి కాలం మిరుగం. మృగశిర కార్తె జూన్ మొదటి పక్షంలో వస్తుంది. రెండు వానలు పడి నేల చల్లబడ్డాక నాటండి. జాలారు నీళ్లు రోజూ ఉంటాయి కాబట్టి ఎండాకాలంలో తప్ప ఎప్పుడైనా నాటవచ్చు.

గడ్డను కొనవద్దు. అడిగి తెచ్చుకోండి. మెట్టతామర ఉన్న ఇంట్లో గడ్డలు ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి. గుబురును మొత్తం పీకనక్కర లేదు. ఒక పక్క నుంచి గడ్డపారతో లేపితే చాలు. గడ్డను ముక్కలు చేయండి. ప్రతి ముక్కకు రెండు కళ్లు ఉండాలి. కన్ను అంటే మొలక వచ్చే మొటిమ. పసుపు కొమ్ముకు చూస్తారు కదా, అట్లాగే. మెత్తబడిన ముక్కను, వాసన వచ్చే ముక్కను పారేయండి. కోసిన ముక్కలను ఒక రోజు నీడలో ఆరబెట్టండి. కోత చోట పొయ్యి బూడిద అద్దండి.

నాలుగు వేళ్ల లోతు గుంట తీయండి. కన్ను పైకి ఉండేటట్లు గడ్డ పెట్టండి. మట్టి కప్పి, అరచేతితో అదమండి. ఒక గడ్డకు ఇంకో గడ్డకు మూరెడు దూరం ఉండాలి. మనం చెప్పుకున్న మడికి ఏడెనిమిది గడ్డలు చాలు. మొదట్లో ఖాళీగా కనబడుతుంది. తొందరపడి దగ్గర దగ్గర పెట్టవద్దు. ఏడాది తిరిగేసరికి ఖాళీ ఉండదు.

ఎండ బాగా తగలాలి. సగం పూట ఎండైనా ఉండాలి. నీడలో ఆకులు వస్తాయి, పూలు రావు.

రెండు మూడు వారాల్లో మొలక లేస్తుంది. చుట్టిన చాప లాగ ఆకు వస్తుంది. తరువాత విప్పుకుంటుంది. రెండు మూడు నెలల్లో పూత మొదలు. మిరుగంలో పెడితే బతుకమ్మ నాటికి పూలు ఉంటాయి.

బతుకమ్మ అన్నాను గదా. ఇక్కడ నిజం చెప్పాలి. మెట్టతామర పువ్వు బతుకమ్మకు అంత బాగా కుదరదు. రేకు మెత్తన. ఒక పూట దాటితే వాడుతుంది. తంగేడు, గునుగు నిలిచినట్టు నిలవదు. జడలో పెట్టుకుందామన్నా నలిగిపోతుంది. వాసన కూడా లేదు. పూలు అమ్మి డబ్బు చేసుకుందాం అనుకుంటే మెట్టతామర వేయవద్దు. బంతి వేయండి. ఇది చెట్టు మీద ఉంటేనే అందం. ఆకు మాత్రం పనికి వస్తుంది. బతుకమ్మ పేర్చే తాంబాళంలో గుమ్మడి ఆకు దొరకకపోతే ఈ ఆకు పరవవచ్చు.

తరువాత చేసే పని

పని చాలా తక్కువ. ఒక్క పని మాత్రం మరచిపోవద్దు. ఒక కాడ పూసి, పూతంతా అయిపోయాక ఆ కాడను నేల మట్టానికి కోసేయాలి. కోసిన కాడ పక్క నుంచే కొత్త పిలక వస్తుంది. పాత కాడ ఉంచితే గుబురు ఎండు ఆకులతో నిండుతుంది. గుబురులో ఎలుకలు చేరుతాయి. ఎలుకల వెనుక పాము వస్తుంది. అందుకే గుబురును వాకిలికి అడుగు దూరంలో పెట్టవద్దు. రాత్రి పూట గుబురు దగ్గరికి లైటు లేకుండా పోవద్దు. కోసిన పచ్చి ఆకులను మేకలు, బర్రెలు తింటాయి. అదే ఒక ఇబ్బంది కూడా. మేకలు తిరిగే ఊరైతే మొదటి రెండు నెలలు ముళ్లకంప అడ్డం పెట్టాలి.

రెండు మూడు ఏళ్లకు ఒకసారి గుబురు మొత్తం తవ్వండి. సగం గడ్డలు తీసేయండి. తీసినవి పంచండి. తవ్వకపోతే గడ్డలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. నీళ్లు ఇంకవు. మళ్లీ మడుగు మొదలవుతుంది.

ఆకు చుట్టుకొని, దారంతో కుట్టినట్టు కనబడితే లోపల పురుగు ఉన్నట్టు. విప్పి నలిపేయండి. ఆకు కింద నారింజ రంగు పొడి ఉంటే తుప్పు తెగులు. ఆ ఆకులు కోసి కాల్చండి. ఆకు మీద ఈనెల వెంట పసుపు చారలు వస్తే అది వైరసు. దానికి మందు లేదు. ఆ మొక్కను గడ్డతో సహా పీకేయాలి. ఆ గడ్డను ఎవరికీ ఇవ్వవద్దు. చార ఉన్న ఆకు అందంగా ఉందని కొందరు ముచ్చటపడి పంచుతారు. జబ్బును పంచినట్టే.

నేలను బట్టి కొంచెం తేడా ఉంటుంది. జనగామ చెల్క నేలల్లో నీళ్లు తొందరగా ఇంకుతాయి. మడికి లోతు తగ్గినా నడుస్తుంది. ఎండాకాలం నీళ్లకు కరువు వస్తే ఆకులు ఎండిపోతాయి. భయపడవద్దు. గడ్డ నేలలో బతికే ఉంటుంది. వాన పడగానే లేస్తుంది. రేగడి నేలల్లో నీళ్లు తొందరగా దిగవు. అక్కడ ఇసుక, రాళ్లు ఎక్కువ వేయాలి. మడిని ఇంకొంచెం పొడుగు చేయాలి. మానుకోట వైపు తండాల్లో ఇళ్ల మధ్య జాగా ఉంటుంది. అక్కడ రెండు మూడు ఇళ్లు కలిసి ఒకే కాలువ, ఒకే మడి చేసుకోవచ్చు. బుట్ట ఎవరు దులపాలో ముందే మాట్లాడుకోండి. లేకపోతే పంచాయితీ అవుతుంది!

మెట్టతామర గడ్డను తినవచ్చా అని కొందరు అడుగుతారు. దక్షిణ అమెరికాలో పెరూ, కొలంబియా వైపు దీనిలో ఒక రకం గడ్డను ఉడికించి తింటారు. వియత్నాంలో దాని పిండితో సేమ్యా చేస్తారు. అది తిండి కోసం పెంచిన రకం. మన మడిలో గడ్డ మురుగు తాగిన గడ్డ. దాన్ని తినవద్దు.

అందమైన ప్రతి పువ్వూ ఇంటికి తేవద్దు

వానాకాలంలో అడవి అంచున, కంచెల మీద ఒక తీగ పాకుతుంది. ఆకు కొన చుట్టుకొని దేన్నైనా పట్టుకుంటుంది. పువ్వు మంట లాగ ఉంటుంది. కింద పసుపు, పైన ఎరుపు. రేకులు అలల లాగ పైకి లేచి ఉంటాయి. దాన్ని అడవినాభి అంటారు. అగ్నిశిఖ అని, పొత్తిదుంప అని కూడా అంటారు. తమిళనాడు దాన్ని రాష్ట్ర పుష్పంగా పెట్టుకుంది. అక్కడి రైతులు దాని గింజలను మందుల కంపెనీలకు అమ్ముతారు. ఆ గింజల నుంచి కీళ్ల జబ్బుకు మందు తీస్తారు.

ఇది కూడా ఏటా గడ్డ నుంచే లేస్తుంది. దీనికి కూడా చాకిరీ అక్కర లేదు. పువ్వు మెట్టతామర కన్నా అందంగా ఉంటుంది. అయినా చిన్న పిల్లలు ఉన్న ఇంట్లో దీన్ని పెట్టవద్దు. ఈ మొక్క అంతా విషమే. గడ్డలో, గింజల్లో విషం మరీ ఎక్కువ. గడ్డ చూడడానికి తినే గడ్డ లాగానే ఉంటుంది. చిలగడదుంప అనుకొనో, అడవి గడ్డ అనుకొనో తిని చనిపోయిన వాళ్లు ఉన్నారు.

దీని విషం వెంటనే తెలియదు. కొన్ని గంటల తరువాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. అన్నం పడలేదేమో అనుకుంటారు. ఆ లోపల విషం శరీరమంతా పాకుతుంది. తిన్నారని తెలిస్తే వాంతుల కోసం చూడవద్దు. ఉప్పు నీళ్లు తాగించి ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే 108కు ఫోను చేయండి. తిన్న గడ్డ ముక్క మిగిలితే డాక్టరుకు చూపించడానికి వెంట తీసుకుపోండి.

ఇంకో మాట. ఇది ఆడవాళ్లం మనలో మనం చెప్పుకోవలసిన మాట. కడుపు తీయించుకోవడానికి ఈ గడ్డ ఇస్తారని కొందరు చెబుతారు. వినవద్దు. దానితో పాటు తల్లి ప్రాణం పోతుంది. పోయినవాళ్లు ఉన్నారు. అటువంటి అవసరం వస్తే సర్కారు దవాఖానకు పోవాలి. చట్టం ప్రకారం అక్కడ డాక్టరు చూస్తారు. ఒక్కరే పోవడానికి భయమైతే ఆశా కార్యకర్తను తోడు తీసుకుపోండి.

పచ్చగన్నేరు కాయలు, గురివింద గింజలు కూడా విషమే. పచ్చగన్నేరు మన ఇళ్ల ముందర చాలా ఉంటుంది. పూజకు పువ్వు కావాలని పెడతాం. పిల్లలు కాయ కొరకకుండా చూడాలి. కాయలు రాలితే రోజూ ఏరి పూడ్చాలి.

మెట్టతామరలో ఇటువంటి విషం లేదు. కానీ దాని గింజలు నల్లగా, గుండ్రంగా, రాయి లాగ గట్టిగా ఉంటాయి. ఆఫ్రికాలో జింబాబ్వే దేశపు వాళ్లు వాటిని సొరకాయ బుర్రలో పోసి పాటకు తాళంగా ఊపుతారు. మన పిల్లలు మాత్రం ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు! కాయ ఎండక ముందే కోసేయండి.

కోడలు పిల్ల మడి తవ్వింది. భర్త రాళ్లు మోసి తెచ్చాడు. పెద్దమ్మ ఎనిమిది గడ్డలు ఇచ్చింది.

"పెద్దమ్మా, ఏ రోజు పెట్టిననో యాదికి ఎట్ల ఉంటది?"

"నువ్వు అక్షరాలు నేర్చుకున్నవు గదా బిడ్డా. క్యాలెండరు మీద రాసి పెట్టు."

ఆమె గోడ మీద క్యాలెండరు తీసింది. జూన్ 14 గడిలో పెన్సిలుతో రాసింది: "మెట్టతామర. 8 గడ్డలు." కింద సెప్టెంబరు పేజీలో ఇంకొకటి రాసింది: "పువ్వు వచ్చిందా?"

మీరు చెప్పండి, రాయండి

మీ ఇంట్లో రోజుకు ఎన్ని బకెట్ల నీళ్లు జాలారులో పడతాయి? లెక్క వేసి రాయండి.

ఆ నీళ్లు సాయంత్రానికి ఇంకిపోతున్నాయా? నిలిచి ఉంటే ఎక్కడ నిలిచాయి?

మీ వాడలో ఎవరి ఇంట్లో మెట్టతామర ఉంది? ఏ రంగు?

మీ ఊళ్లో అడవినాభిని ఏ పేరుతో పిలుస్తారు? పెద్దవాళ్లను అడగండి. ఆ పేరు ఇక్కడ రాయండి. పిల్లలకు ఆ మొక్కను చూపించి, ముట్టవద్దని చెప్పండి.